తాతగారి ఫియట్‌కి ఒరిజినల్ పార్టులు ఎక్కడ వెతకాలంటే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తాతగారి 1973 ప్రీమియర్ ప్రెసిడెంట్ కారు, రాజమండ్రిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండేళ్ళ నుంచి కదలకుండా ఉంది, మెకానిక్ వచ్చి చూసి దీనికి సామాను దొరకదు, ఈ ఇంజను తీసేసి మారుతీదో ఇంకోటో వేసేద్దాం అన్నాడు, నీకేమో మనసు ఒప్పుకోవట్లేదు, ఒరిజినల్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో చెప్పమన్నావు. ముందు ఆ మెకానిక్‌కి వద్దని చెప్పెయ్. మర్యాదగానే చెప్పు, కానీ ఇవాళే చెప్పు. నేను ముప్ఫై ఏళ్ళ పైనుంచి ఈ ఫియట్లతోనే ఉన్నాను, నావి రెండు, స్నేహితులవి ఇంకో ఏడెనిమిది దగ్గరుండి లేపాను, సామాను దొరకదు అనేది సగం కూడా నిజం కాదు. ఏది దొరుకుతుంది ఏది దొరకదు అనేది తెలియకపోవడమే అసలు సమస్య.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఒరిజినల్ పార్టుల కోసం నువ్వు చెన్నై వెళ్ళాలా బొంబాయి వెళ్ళాలా అని అడుగుతున్నావు, కానీ ఒరిజినల్ పార్టుల పెద్ద గోడౌన్ నీ షెడ్డులోనే ఉంది, అది ఆ బండే. ఆ బండి నుంచి ఊడదీసిన ఒక్క నట్టు కూడా పారెయ్యకు, పాడైపోయిందని మెకానిక్ పక్కన పడేసింది కూడా ఇంటికి తెచ్చుకో. నా మొదటి బండి 1968 ఫియట్ డిలైట్, దాని కార్బ్యురేటర్ సరిగ్గా పనిచెయ్యట్లేదని ఒక షెడ్డులో వేరే బండిది తగిలించారు, పాతదేదీ అని నేను అడిగేసరికి అది కేజీల లెక్కన ఇత్తడీ అల్యూమినియంతో పాటు పాత సామాన్లవాడికి వెళ్ళిపోయింది. దానికి కావాల్సిందల్లా షాఫ్టు దగ్గర ఒక బుష్షు, ఒక కిట్టు. అలాంటి సోలెక్స్ కంపెనీ కార్బ్యురేటర్ మళ్ళీ మంచిది దొరకడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే బాధగానే ఉంటుంది, అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. బండి విప్పేముందు నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, జిప్ కవర్లు, మార్కర్ పెన్ను తెచ్చుకో, ప్రతి కవరు మీద ఎక్కడ ఊడదీశారో తెలుగులో రాసి పెట్టుకో, ఊడదీసే ముందు ఫోన్లో ఫోటో తియ్యి. రెండేళ్ళ తర్వాత ఆ ఫోటోలే నీకు దారి.

సరే, ఇప్పుడు మీ బండి ఏంటో చూద్దాం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు ఫియట్ 1100 చేయడం 1954లో మొదలుపెట్టారు, 1964 ప్రాంతంలో ఇటలీ 1100డి ఆకారం వచ్చింది, దాన్నే ఇక్కడ డిలైట్ అన్నారు, 1972లో ఫియట్ పేరు తీసేసి ప్రీమియర్ ప్రెసిడెంట్ అని పెట్టారు, 1974లో పద్మిని అయింది, ఆ పద్మిని సుమారు 2000 దాకా నడిచింది. పేర్లు మారాయి గానీ ఇంజను అదే, 1089 సీసీ, బోరు అంటే సిలిండర్ లోపలి వెడల్పు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం 75. ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు. అంటే ముప్ఫై ఏళ్ళకి పైగా ఒకే రకం ఇంజను, ఒకే రకం యాక్సిలు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అందుకే నీ బండిలో కంటికి కనపడని సామాను, అంటే పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, క్లచ్ ప్లేటు, వీల్ సిలిండర్లు, కింగ్‌పిన్ సెట్టు, వాటర్ పంపు, ఇవన్నీ కాస్త తిరిగితే దొరుకుతాయి. దొరకనివి కంటికి కనపడేవి. ప్రెసిడెంట్ అని రాసి ఉన్న ఆ బ్యాడ్జీ ఉంది చూడు, ఆ పేరుతో బండ్లొచ్చింది రెండేళ్ళే, మీ బండి మీద ఆ అక్షరాలు ఇంకా ఉంటే ముందు దాన్ని జాగ్రత్తగా ఊడదీసి ఇంట్లో బీరువాలో పెట్టు, రంగు వేసేవాళ్ళ దగ్గర మాయమయ్యేది మొదట అదే. నా మాట విని ఇంజను గురించి బెంగ మానేసి బ్యాడ్జీ గురించి బెంగపెట్టుకో.

షాపుల్లో ప్రెసిడెంట్ అని అడిగితే మొహం చూస్తారు, అక్కడ పద్ధతి వేరు, "ఫియట్‌ది" అనాలి, ఇంకా కావాలంటే "పద్మినిది, పెట్రోలు, స్టీరింగ్ గేరు, డైనమో మోడల్" అని చెప్పాలి. స్టీరింగ్ గేరు అంటే గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. ఈ చివరి మూడు ముక్కలూ ముఖ్యం, ఎందుకంటే తర్వాత తర్వాత పద్మినిల్లో బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, ఆఖరి మోడళ్ళలో బకెట్ సీట్లు వచ్చి గేరు కిందకి దిగింది, మధ్యలో 137డి అని డీజిల్ బండి కూడా వచ్చింది, వాటి సామాను కొన్ని చోట్ల నీ దానికి సరిపోదు. 118ఎన్‌ఈ అని ఇంకో ప్రీమియర్ బండి ఉంది, దానిది నిస్సాన్ ఇంజను, 1171 సీసీ, బాడీ కూడా వేరు, షాపువాడు ప్రీమియర్‌దే కదా అని చేతిలో పెడతాడు, తీసుకోకు. బొంబాయిలో డుక్కర్ ఫియట్ అంటే 1950ల నాటి గుండ్రటి బండి, దాని ముందు డోర్లు వెనక్కి తెరుచుకుంటాయి, దాని బాడీ సామాను కూడా నీది కాదు.

ఎప్పుడెళ్ళినా పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్ళు. ఫోటో చూపిస్తే పనవదు. కౌంటర్ మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాల దూరం, మందం, పళ్ళ లెక్క, అన్నీ చూసుకోవాలి, చిన్న వెర్నియర్ కాలిపర్ ఒకటి జేబులో ఉంచుకో. చాలా పోత పార్టుల మీద నంబరు గానీ కంపెనీ గుర్తు గానీ ఉంటుంది, కిరోసిన్‌తో కడిగి వైరు బ్రష్షుతో మెల్లగా రుద్దితే బయటపడుతుంది, ఆ నంబరు రాసుకో. ఫియట్ 1100డి పార్టుల కేటలాగు స్కాన్ కాపీలు పాత కార్లవాళ్ళ మధ్య తిరుగుతూ ఉంటాయి, బొమ్మల్లో ప్రతి ముక్కా విడదీసి పక్కన నంబరు వేసి ఉంటుంది, అది సంపాదించి ప్రింటు తీయించుకో, అది లేకుండా నేను బజారుకి వెళ్ళను.

ఒరిజినల్ అంటే ఏంటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ప్రీమియర్ కంపెనీ డబ్బాలో వస్తేనే ఒరిజినల్ అనుకుని ఆ డబ్బాకే రెండింతలు కడుతున్నారు. మీ బండి కుర్లాలో తయారైన రోజున కూడా అన్నీ వాళ్ళే చెయ్యలేదు, కరెంటు సామాను లూకాస్ టీవీఎస్ లాంటి కంపెనీలు చేసి ఇచ్చేవి, వాళ్ళే అదే సామాను తమ డబ్బాలో బజారుకీ అమ్మేవాళ్ళు. ఆ డబ్బాలోది కూడా ఒరిజినలే. దానికి కిందది మంచి పేరున్న కంపెనీ ఈ బండి కోసం తర్వాత చేసిన సామాను, వాడుకోవచ్చు, బాధ లేదు. అసలు ముట్టుకోకూడనిది పాత లేబుల్ కొత్తగా ప్రింటు కొట్టించిన నకిలీ. నాకు ఒకసారి ఒక పెద్ద ఊళ్ళో టై రాడ్ ఎండ్లు అలాగే అంటగట్టారు, డబ్బా పసుపుపచ్చగా మాగిపోయి ఉంది, లోపల కాగితం మాత్రం తెల్లగా మెరుస్తోంది, నేను గమనించలేదు, ఆర్నెల్లకే అరిగి ఊగిపోవడం మొదలెట్టాయి. స్టీరింగు సామాను అది, రోడ్డు మీద ఊడితే ప్రాణాలు పోతాయి. నిజంగా పాత స్టాకు అయితే లోపల నూనె కాగితమో గ్రీజో ఉంటుంది, ఆ గ్రీజు గట్టిపడి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, అక్షరాలు పోతలోనే ఉంటాయి గానీ స్టిక్కరు మీద కాదు. డబ్బాని కాదు, లోపల ఇనుముని చూడాలి.

ఇక ఊళ్ళు. నువ్వు రాజమండ్రిలో ఉన్నావు కాబట్టి మొదట విజయవాడ ఆటోనగర్ వెళ్ళు, లారీల సామానే ఎక్కువ అక్కడ, కానీ నీకు కావాల్సింది అక్కడ సామాను కన్నా పనివాళ్ళు. బోరింగు, క్రాంకు గ్రైండింగు, రేడియేటరు, లేత్ పని, స్ప్రింగు పట్టీల పని, అన్నీ ఒకే చోట. హైదరాబాద్‌లో రాణీగంజ్, పుత్లీబౌలీ, జాంబాగ్ వైపు కొత్త సామాను షాపులు, గోషామహల్ వైపు విప్పిన బండ్ల సామాను. అక్కడ పెద్ద షాపుల్లో కాకుండా సందుల్లో, తండ్రి కాలం నుంచి ఉన్న చిన్న షాపుల్లో అడుగు, కుర్రాడు లేదంటాడు, లోపల కూర్చున్న పెద్దాయన్ని అడిగితే అటక మీద చూడరా అంటాడు. నాకు దొరికిన మంచి సామాను సగం అలా అటకల మీంచి దిగిందే. మా వైపు ఒక చిన్న టౌనులో స్పేర్ పార్ట్స్ షాపు మూసేస్తున్నారని తెలిసి వెళ్ళాను, ఆయనకి అవి అమ్ముడుపోవని తెలుసు కాబట్టి తూకానికి వెయ్యబోతున్నాడు, గోనెసంచిలో ఫియట్ వాల్వులు, గైడ్లు, ఒక పెట్రోలు పంపు, రెండు డిస్ట్రిబ్యూటర్ క్యాపులు, నలభై ఏళ్ళ నాటివి, మైనపు కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. అందుకని కాకినాడ, ఏలూరు, భీమవరం, తెనాలి, ఒంగోలు, ఇలాంటి ఊళ్ళలో పాత ఆటోమొబైల్ షాపులకి ఒక్కో ఆదివారం కాకుండా, ఆదివారం మూసేస్తారు, ఒక్కో శనివారం వెళ్ళి కూర్చో, ఒక టీ తాగు, తొందరపడకు, నీ నంబరు ఇచ్చి రా. మనుషుల ద్వారా దొరికే సామాను ఇది, ఇంటర్నెట్‌లో సగం కూడా కనపడదు.

చెన్నై పుదుపేట గురించి అందరూ చెప్తారు, బండ్లు విప్పే చోటు, వెళ్ళు, తప్పులేదు, డోర్ హ్యాండిళ్ళు, లాకులు, అద్దం ఎత్తే మెషీన్లు, లైట్ల రింగులు దొరికే అవకాశం ఉంది. కలకత్తా మల్లిక్ బజార్ పెద్దదే గానీ అది అంబాసిడర్ ఊరు, ఫియట్ కోసం అంత దూరం అక్కర్లేదు. ఫియట్‌కి బొంబాయే. కారణం తెలుసుగా, ఆ నలుపు పసుపు టాక్సీలన్నీ మీ బండి చెల్లెళ్ళే. వేలకి వేలు టాక్సీలు దశాబ్దాలపాటు రోజంతా తిరిగాయంటే వాటికి సామాను చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఎంతమంది బతికి ఉంటారో ఆలోచించు. 2023 అక్టోబర్ చివర్లో ఆఖరి పద్మిని టాక్సీకి అక్కడ ఇరవై ఏళ్ళ గడువు అయిపోయింది, దాంతో ఆ కథ ముగిసింది. ఆ టాక్సీ షెడ్లవాళ్ళు మిగిలిన సామాను వదిలించుకుంటున్నారు, కొందరు పని కూడా మానేస్తున్నారు, అందుకే ఈ రెండు మూడేళ్ళలోనే వెళ్ళు అంటాను, పదేళ్ళ తర్వాత ఆ సామాను ఉన్నా ఏది దేనికో చెప్పే మనిషి ఉండడు. కుర్లా సీఎస్‌టీ రోడ్డు వైపు, చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్ వైపు చూడు. టాక్సీ నుంచి విప్పిన దాంట్లో పోత సామాను కొనచ్చు, గేర్‌బాక్సు హౌసింగు, డిఫరెన్షియల్ హౌసింగు, బ్రాకెట్లు, మానిఫోల్డు, డ్రమ్ములైతే లోపల కొలిచి. అరిగే సామాను మాత్రం టాక్సీది తీసుకోకు, లక్షల కిలోమీటర్లు తిరిగినవి అవి. హిందీ వచ్చిన స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళు, రెండు రోజులు పెట్టుకో, మొదటి రోజు కొనకుండా చూడు, రెండో రోజు కొను.

ఇటలీ నుంచి తెప్పించుకోవచ్చా అని నువ్వు అడగలేదు గానీ రేపో మాపో నెట్‌లో చూసి అడుగుతావు కాబట్టి చెప్పేస్తా. అక్కడ 1100డిని ఇప్పటికీ ప్రేమగా చూసుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కోసం డోరు రబ్బర్లు, అద్దం బీడింగులు, చిన్న చిన్న ట్రిమ్ములు కొత్తగా చేస్తున్నారు, నాణ్యత బాగుంటుంది. కానీ ఒక గొయ్యి ఉంది అందులో. ఇటలీ 1100డి ఇంజను 1221 సీసీ, బోరు 72. మన దేశంలో అదే బాడీలో పాత 1089 ఇంజనే ఉంచారు, బోరు 68. పేరు ఒకటే కదా అని పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్టు తెప్పించుకుంటే అలమరలో పెట్టుకోవాల్సిందే, నాకు తెలిసిన ఒకాయన అలా కస్టమ్స్ డ్యూటీ కూడా కట్టి తెప్పించుకుని కూర్చున్నాడు. తర్వాత వచ్చిన 1100ఆర్ మళ్ళీ 1089 సీసీయే గానీ దానికి ముందు డిస్కు బ్రేకులు, గేరు కింద. పైగా అక్కడివన్నీ ఎడమ స్టీరింగు, కాబట్టి డ్యాష్‌బోర్డు, వైపర్ల లింకులు, పెడల్ సామాను, స్టీరింగు సామాను నీకు పనికిరావు. ఇటలీ నుంచి రబ్బర్లు, బాడీ ట్రిమ్ములు, అంతే. అవి కూడా కొలతలు అడిగి.

రబ్బరు మాట వచ్చింది కాబట్టి ఇది చదివి గుర్తుపెట్టుకో. ఒరిజినల్ అయినా సరే వాడకూడని సామాను ఉంది. బ్రేకు వీల్ సిలిండర్ రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, బ్రేకు హోసులు, పెట్రోలు హోసులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్. నలభై ఏళ్ళ నాటి డబ్బాలో కొత్తగా మెరుస్తూ ఉన్నా సరే రబ్బరు కూర్చున్న చోటే ముసలిదైపోతుంది, వేసిన నెలకి చీలుతుంది. నా స్నేహితుడి బండికి పాత స్టాకు బ్రేకు కిట్టు వేస్తే కొవ్వూరు బ్రిడ్జి దిగేటప్పుడు పెడల్ నేలకి తగిలింది, చేతి బ్రేకుతో ఆపుకున్నాడు. అందుకని ఆపే సామాను, పెట్రోలు పారే సామాను ఎప్పుడూ ఈ ఏడాది తయారైనదే. పైగా ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు, ఆ కాలం రబ్బరు దానికి తట్టుకునేది కాదు, ఇథనాల్‌కి తట్టుకుంటుందని రాసి ఉన్న హోసే కొను. బండి నెలల తరబడి నిలబెట్టాల్సొస్తే కార్బ్యురేటర్లో పెట్రోలు ఖాళీ చేసి పెట్టు. లెడ్ లేని పెట్రోలు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకు, అల్యూమినియం హెడ్డు కాబట్టి వాల్వు సీట్లు విడిగా గట్టి లోహంవి నొక్కి పెట్టి ఉంటాయి, ఏమీ కాదు.

ఇప్పుడు బాగుచేయించడం గురించి, నా లెక్కలో ఒరిజినల్ సామాను సంపాదించడానికి అన్నిటికన్నా మంచి దారి ఇదే. డైనమో పోయిందంటే ఆర్మేచర్ రీవైండింగు చేసేవాళ్ళు రాజమండ్రిలోనే దొరుకుతారు, బుష్షులు, కార్బన్లు మార్పించు, ఆల్టర్నేటర్ పెట్టించుకోమని వందమంది చెప్తారు, రోజూ రాత్రి తిరిగే బండి అయితే పెట్టించుకో, కానీ డైనమో, దాని ఛార్జింగుని చూసుకునే కటౌటు డబ్బా, రెండూ కవర్లో కట్టి దాచు. రేడియేటరు కారుతుంటే ప్లాస్టిక్‌ది వెయ్యనివ్వకు, పైన కింద ఇత్తడి ట్యాంకులు అలాగే ఉంచి మధ్యలో రాగి కోరు కొత్తది వేస్తారు, చూడ్డానికి పాతదే, చల్లబరచడానికి కొత్తది. బ్రేకు షూలు కొత్తవి దొరక్కపోతే పాత షూలకే లైనింగు అతికించి ఇస్తారు, క్లచ్ ప్లేటుకి కూడా అంతే. బ్లాకు బోరు అరిగిపోయి ఓవర్‌సైజు పిస్టన్లు దాటిపోయిందనుకో, అప్పుడు కూడా బ్లాకు మార్చక్కర్లేదు, సిలిండర్లలో లైనర్లు అంటే కొత్త గొట్టాలు కొట్టించి మళ్ళీ 68కి తెచ్చుకోవచ్చు. బంపర్లు సొట్టలు తీయించి, మొదట రాగి, తర్వాత నికెల్, ఆపైన క్రోము, మూడు పూతలూ వేసేవాళ్ళ దగ్గరే ఇవ్వు, తక్కువలో చేస్తానన్నవాడు నికెల్ పలచగా కొట్టి క్రోము వేస్తాడు, మన గోదావరి గాలికి రెండు వర్షాకాలాల్లో పొక్కులు లేస్తాయి. బ్యాడ్జీలు, లైట్ల చుట్టూ రింగులు కొన్ని జింకు పోతవి, వాటి మీద గుంటలు పడి ఉంటే మామూలు ప్లేటింగువాడు యాసిడ్లో ముంచి ఇంకా తినేయిస్తాడు, ఆ పని తెలిసినవాడు దొరికేదాకా అలాగే ఉంచు, మెరుపు లేకపోయినా పర్లేదు, అది ఉండాలి.

ముందు అద్దం, వెనక అద్దం వంపు తిరిగినవి, దొరకడం కష్టం, చేయించడం ఖర్చు. రంగు వెయ్యడానికి తీసేటప్పుడు రబ్బరుని కాపాడదామని అద్దాన్ని స్క్రూడ్రైవరుతో ఎత్తుతారు, అక్కడే పగులుతుంది. రబ్బరు ఎలాగూ ఎండిపోయింది, బ్లేడుతో రబ్బరు కోసెయ్యమను, అద్దం దానంతట అది బయటికొస్తుంది. ఆ కోసిన రబ్బరు అంగుళం ముక్క జేబులో వేసుకో, బీడింగు షాపుల్లో మీటర్ల లెక్కన అమ్మే వాటిలో ఆ అడ్డకోత ఆకారానికి సరిపోయేది వెతకడానికి అదే కొలత. టైర్లు ఒరిజినల్ సైజు 5.20-14, ఎక్కడైనా దొరికితే తయారైన సంవత్సరం చూసి కొను, పాత స్టాకు టైరు బ్రేకు రబ్బరు లాంటిదే, వద్దు. హెడ్‌లైట్లు గుండ్రటి ఏడంగుళాలవి, వాటికి కొరత లేదు.

స్టీరింగు గేరు లింకుల బుష్షుల గురించి ఒక్క మాట, గేర్లు పడట్లేదు గేర్‌బాక్సు పోయింది అని చాలా ఫియట్లని అన్యాయంగా తూకానికి పంపారు, తొంభై పాళ్ళు అది ఆ చిన్న బుష్షులు అరిగిపోవడమే. లేత్ మీద ఇత్తడివో నైలానువో చేయించి వేస్తే గేరు వెన్నలా పడుతుంది. గేర్‌బాక్సు విప్పుతానంటే ముందు ఈ పని చేయించు.

ఇంకో దారి, నా దృష్టిలో డబ్బు లెక్కన చూస్తే అన్నిటికన్నా చవకైన దారి, ఒక కండెం బండి, అంటే ఇక నడవదని వదిలేసింది, మొత్తంగా కొనడం. పల్లెల్లో చింతచెట్ల కింద, రైసు మిల్లుల వెనక పద్మినిలు ఇంకా ఉన్నాయి. ఒక్కో డోర్ హ్యాండిల్ ఒక్కో ఊళ్ళో వెతుక్కునే కన్నా అలాంటిది ఒకటి తెచ్చుకుంటే నాలుగు డోర్లు, అద్దాలు, డ్యాష్‌బోర్డు, యాక్సిలు, అన్నీ ఒకేసారి వస్తాయి. కానీ ఆర్‌సీ ఉన్న మనిషి దగ్గరే, రాతకోతలతోనే కొను, ఛాసిస్ నంబరు కాగితంతో సరిచూసుకో, విప్పిన తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు పద్ధతి ప్రకారం చేయించు. రేపు ఎవరి దొంగ బండి సామానో నీ ఇంట్లో ఉండకూడదు. షాపులో పాత సామాను కొన్నా సరే చిన్న బిల్లు రాయించుకో.

ఇప్పుడు ఇంజను ఎందుకు మార్చొద్దన్నానో అసలు కారణం. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా రూలు తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవి దాని కిందకి వస్తాయి. మీది 1973 కాబట్టి వయసు సరిపోయింది. కొత్తగా రిజిస్టర్ చేయించే బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు, అంటే తాతగారి నంబరు ప్లేటు అలాగే ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000 అని రూల్లో ఉంది. వేరే ఇంజను పెట్టావంటే ఆ దారి మూసుకుపోయినట్టే. అయితే ఇంకోటి కూడా ఆలోచించుకో, వింటేజ్‌గా చేయించిన బండిని రోజువారీ రోడ్డు మీద తిప్పడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు కొట్టించుకోవడం, రిపేర్లు, ఇలాంటి వాటికే. అమ్మమ్మని గుడికి తీసుకెళ్ళాలి, ఆదివారం పుష్కర్ ఘాట్ దాకా పోయి రావాలి అనుకుంటే మామూలుగా ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకునే దారే నీకు నయం. ఏ దారైనా ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి, కాబట్టి ఈ వారంలోనే ఆ రెండూ తుడిచి ఫోటో తీసి ఆర్‌సీతో సరిచూడు. రంగు వేసేవాడు ఆ అంకెల మీద గ్రైండరు పెట్టకుండా దగ్గర నిలబడు.

పన్నెండేళ్ళు ఆగిన ఇంజనుకి బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టొద్దు. స్పార్కు ప్లగ్గులు నాలుగూ తీసి ఒక్కో రంధ్రంలో కాస్త నూనె పోసి నాలుగైదు రోజులు వదిలెయ్యి, తర్వాత హ్యాండిల్‌తో చేత్తో మెల్లగా తిప్పి చూడు, తిరిగితే నీ ఖర్చు సగం తగ్గినట్టే, తిరక్కపోతే బలవంతం చెయ్యకుండా మళ్ళీ నూనె పోసి ఇంకో వారం ఆగు.

బొంబాయి టికెట్టు కొనేముందు ఒక పని చెయ్యి. ఆ రోజుల్లో ఫియట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక సామాను డబ్బా ఉండేది, అప్పుడు కూడా పార్టులు అడిగిన రోజున దొరికేవి కాదు కాబట్టి హైదరాబాదో మద్రాసో వెళ్ళినవాళ్ళతో తెప్పించి దాచుకునేవాళ్ళు, మా నాన్నగారి డబ్బా పాలడబ్బాల పక్కన వంటింటి అటక మీద దొరికింది, అందులో కాంటాక్ట్ పాయింట్లు, ఫ్యాన్ బెల్టు, ఒక జత వాల్వులు, ఆయన చేత్తో రాసిన సర్వీసు తేదీలు. మీ తాతగారు నలభై ఏళ్ళు ఒకే బండి ఉంచుకున్న మనిషి అంటున్నావు, అలాంటాయన దాచకుండా ఉండరు. షెడ్డులో, అటక మీద, ఆయన ట్రంకు పెట్టెలో చూడు, అమ్మమ్మని అడుగు, ఆవిడకి తెలిసే ఉంటుంది. దొరికినవన్నీ ఒక దుప్పటి మీద పరిచి ఫోటో పెట్టు, ఏది ఏంటో ఒక్కొక్కటీ నేను చెప్తాను.